రోజుకు నాలుగు అధ్యాయాలు: మెక్‌షేన్ బైబిలు పఠన పట్టిక గురించి నా అభిప్రాయం

బైబిలును ఏడాదిలో పూర్తి చేయించే పట్టికలకు కొదవలేదు. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు అంటూ ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా వరసగా తీసుకెళ్ళేవి ఉన్నాయి. సంఘటనలు జరిగిన క్రమంలో పుస్తకాలను అటూ ఇటూ సర్ది ఇచ్చేవి ఉన్నాయి. రోజుకో వాక్యం, దాని కింద అర పేజీ ధ్యానం ఇచ్చే చిన్న పుస్తకాలూ ఉన్నాయి. వీటిలో చాలావరకు మా ఇంట్లో వాడాం, ప్రతిదీ ఏదో ఒక మేలు చేసింది. కానీ ఏళ్ళు గడిచినా నా బైబిల్లోంచి తీసి పక్కన పెట్టనిది ఒక్కటే, రాబర్ట్ మర్రే మెక్‌షేన్ తయారుచేసిన పట్టిక. దాని గురించే రాస్తున్నాను. ఎన్ని అధ్యాయాలు పూర్తయ్యాయన్నది నాకు రెండో సంగతి. దేవునికి దగ్గరవ్వాలని నిజంగా కోరుకునేవారికి ఇది పనికొస్తుందా లేదా అన్నదే నేను చెప్పదలచుకున్నది. పనికొస్తుంది. అయితే వాడే తీరు తెలియాలి.

ముందు అసలు ఇదేమిటో చెబుతాను. మెక్‌షేన్ స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో సెయింట్ పీటర్స్ సంఘానికి కాపరి (పాస్టర్). 1842 చివర్లో తన సంఘస్థుల కోసం, రాబోయే ఏడాది అంతా అందరూ కలిసి చదువుకునేలా ఈ పట్టిక రాశాడు. రోజుకు నాలుగు వాక్యభాగాలు, నాలుగు నిలువు వరసలు. మొదటి రెండు వరసలు కుటుంబ ప్రార్థనలో చదవడానికి, తర్వాతి రెండు ఒంటరిగా దేవునితో గడిపే వేళ చదవడానికి. ఏడాది పూర్తయ్యేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన రెండుసార్లు, కీర్తనలు రెండుసార్లు చదవడం అవుతుంది. లెక్క వేస్తే పాత నిబంధనలో 929 అధ్యాయాలు, కొత్త నిబంధన 260 రెండుసార్లు, కీర్తనలు 150 ఇంకోసారి, మొత్తం 1,599. అంటే రోజుకు నాలుగు పైచిలుకు. చిన్న కీర్తనలు వచ్చిన రోజున రెండు మూడు కలిపి ఒక భాగంగా ఇచ్చాడు, 119వ కీర్తన లాంటి పెద్దదాన్ని విడగొట్టాడు.

ఈ పట్టికలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ విభజనే. ఇంటిల్లిపాదీ కలిసి వినేది వేరు, తలుపు వేసుకుని తండ్రి ముందు కూర్చుని చదివేది వేరు. మిగతా పట్టికలన్నీ చదివేవాణ్ణి ఒంటరిగానే చూస్తాయి. పొద్దున లేచి నాలుగు అధ్యాయాలు చదివేస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టే. ఇక్కడ అలా కుదరదు. సగం వాక్యం ఇంట్లోవాళ్ళతో పంచుకోవాలి, సగం ఎవరూ చూడని చోట చదువుకోవాలి. మన క్రైస్తవ జీవితం కూడా ఈ రెండిటి మీదే నడుస్తుంది కదా. కుటుంబ ప్రార్థన బాగా జరిగే ఇళ్ళలో ఒక్కోసారి ఏకాంత ప్రార్థన ఎండిపోతుంది, ఎందుకంటే రాత్రి అందరితో కలిసి మోకరించాం కదా అన్న తృప్తి ఉంటుంది. ఏకాంతంగా బాగా ప్రార్థించేవాళ్ళలో కొందరికి పక్కన కూర్చున్న భర్తతోనో, బిడ్డతోనో ఒక వాక్యం గురించి రెండు మాటలు మాట్లాడాలంటే నోరు రాదు. ఈ పట్టిక రెండు కొరతలనూ పైకి చూపిస్తుంది. కుటుంబ వరసలో టిక్కులు నిండుగా ఉండి, పక్క వరస ఖాళీగా ఉంటే ఎవరూ ఏమీ అనక్కర్లేదు, కాగితమే చెబుతుంది.

మా ఇంట్లో కుటుంబ భాగాలు రాత్రి చదువుతాం. అత్తయ్యకు చూపు బాగా తగ్గింది, సొంతంగా చదువుకోలేరు. అందుకని నేనో మా ఆయనో బిగ్గరగా చదువుతాం, కాలేజీకి వెళ్ళే మా అబ్బాయి వింటాడు, వాడి వంతు వచ్చినప్పుడు చదువుతాడు. ఏకాంత భాగాలు ఎవరివి వాళ్ళు తెల్లవారుజామున చదువుకుంటాం. అత్తయ్యకు మాత్రం ఆ రెండు అధ్యాయాలు ఫోన్‌లో ఆడియో పెట్టి ఇస్తాను. ఆ సమయంలో ఆవిడ గదిలోకి ఎవరం వెళ్ళం.

జనవరి 1న నాలుగు వరసలూ నాలుగు మొదళ్ళతో ఆరంభమవుతాయి: ఆదికాండము, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు. సృష్టి మొదలు, రక్షకుని జననం, బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులకు కొత్త ఆరంభం, సంఘం పుట్టుక. ఎజ్రా దగ్గర ఏకాంత పఠనం మొదలుపెట్టడం మొదట్లో నాకు వింతగా అనిపించింది. తర్వాత అర్థమైంది, దేవునికి దూరమై తిరిగొస్తున్న మనిషికి దానికి మించిన చోటు లేదు. మూడో అధ్యాయానికి వచ్చేసరికి ఆ ప్రజలకు ఇంకా గోడలు లేవు, గుడి లేదు, చుట్టూ భయమే, అయినా ముందు బలిపీఠం కట్టుకుంటారు. పునాది వేసిన రోజున పాత మందిరాన్ని చూసిన వృద్ధులు ఏడుస్తుంటే మిగతావాళ్ళు సంతోషంతో కేకలు వేస్తారు, ఏది ఏడుపో ఏది ఆనందమో విడదీసి చెప్పలేనంతగా. ప్రార్థన ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళకు ఆ దృశ్యం బాగా తెలుసు.

నాలుగు భాగాలు పక్కపక్కన ఉండడం వల్ల వచ్చే మేలు ఇంకొకటి ఉంది. మొదటి ఎనిమిది రోజులూ అన్ని వరసల్లోనూ అధ్యాయం సంఖ్య ఒకటే కాబట్టి అక్కడి నుంచే ఉదాహరణ ఇస్తాను. జనవరి 8 తీసుకోండి. ఆదికాండము 8లో జలప్రళయపు నీళ్ళు తగ్గిపోతాయి. మత్తయి 8లో యేసు సముద్రాన్ని గద్దించి నిమ్మళింపజేస్తాడు. ఎజ్రా 8లో అహవా నది దగ్గర ఎజ్రా ఉపవాస దినం చాటిస్తాడు, దారిలో కాపుదలకు రాజును సైనికుల కోసం అడగడానికి సిగ్గుపడి దేవుణ్ణే అడుగుతాడు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు దారి పక్కన నీళ్ళు చూసి బాప్తిస్మం అడుగుతాడు. నాలుగు చోట్లా నీళ్ళే. తీర్పు దాటిపోయిన నీళ్ళు, ఆయన మాటకు లోబడిన నీళ్ళు, ఒడ్డున మోకరింపజేసిన నీళ్ళు, కొత్త జీవితంలోకి దించిన నీళ్ళు. ఆ రాత్రి మా అబ్బాయి కుటుంబ భాగాలు విని, తెల్లవారుజామున తను చదివిన రెండిటినీ కలిపి ఈ మాట పట్టుకున్నాడు. వాడు తనంతట తాను వాక్యం గురించి నోరు విప్పి మాట్లాడిన రోజుల్లో అదొకటి, నాకు బాగా గుర్తు.

అలాగని ప్రతిరోజూ నాలుగూ ఇలా కలుస్తాయని ఆశపడకండి. చాలా రోజులు కలవవు. కలవని రోజున బలవంతంగా కలపబోతే వాక్యంలో లేనిది మనం కల్పించినట్టవుతుంది. ఏ భాగం ఏది చెబుతోందో దాన్ని అలాగే వినడం మంచిది.

లేవీయకాండం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఏడాది పట్టికలు పట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. దహనబలి, అపరాధ పరిహారార్థబలి, కొవ్వు, మూత్రగ్రంథులు, కుష్ఠు పొడలు. వరసగా చదివించే పట్టికలో రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు అవే వస్తాయి, గుండె బరువెక్కుతుంది. మెక్‌షేన్ పట్టికలో లేవీయకాండం మార్చి నెలాఖరున మొదలై ఏప్రిల్‌లో చాలాభాగం నడుస్తుంది, రోజుకు ఒక అధ్యాయం చొప్పున. దాని పక్కనే కుటుంబ వరసలో ఏప్రిల్ 1 నుంచి కీర్తనలు మొదలవుతాయి. అంటే ఒకవైపు బలిపీఠం దగ్గర యాజకుడు ఏం చేయాలో వింటాం, వెంటనే దావీదు ప్రార్థన వింటాం. రోజుకు ఒక్కటే కాబట్టి ఓపిక ఉంటుంది.

అత్తయ్య ఈ పుస్తకాన్ని విన్న తీరు నాకు చాలా నేర్పింది. ఆవిడ చిన్నప్పటి నుంచి మందిరానికి వెళ్తున్నారు కానీ లేవీయకాండం మొత్తం ఎప్పుడూ విన్నది లేదట. 16వ అధ్యాయం చదివిన రాత్రి, ప్రాయశ్చిత్త దినపు అధ్యాయం, ప్రధాన యాజకుడైన అహరోను ఎప్పుడు పడితే అప్పుడు అడ్డతెర లోపలికి, అంటే దేవుని సన్నిధి ఉండే అతిపరిశుద్ధ స్థలంలోకి రాకూడదని, వస్తే చనిపోతాడని ఉన్న చోట ఆపమన్నారు. "మళ్ళీ చదువమ్మా" అన్నారు. చదివాను. "ఏడాదికి ఒక్క రోజే. అదీ ఒక్కడే. తక్కినవాళ్ళంతా బయట" అని కాసేపు ఊరుకున్నారు. ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు.

లేవీయకాండం అయిపోయిన కొద్ది రోజులకే, ఏప్రిల్ చివరి వారంలో, ఏకాంత వరసలో హెబ్రీ పత్రిక, అంటే కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన ఉత్తరం, మొదలవుతుంది. కుటుంబంతో కలిసి చదివిన బలులు, తెర, ప్రధాన యాజకుడు, రక్తం అన్నీ ఇంకా చెవుల్లో ఉండగానే, ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ తెర యేసు శరీరమని, దారి తెరుచుకుందని చదువుతాం. నాలుగో అధ్యాయం ముగింపులో "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అన్న మాట ఉంది. ఆ మాట నాకు కొత్తది కాదు, ఎన్నో ప్రసంగాల్లో విన్నదే, ప్రార్థనలో వాడేదే. కానీ లేవీయకాండం పదహారు దాటి వచ్చినవాళ్ళకు ధైర్యం అన్న ఆ మాట బరువు తెలుస్తుంది. ఒకప్పుడు చచ్చిపోతామని భయపడిన చోటికి రమ్మని పిలుపు. ఆ ఉదయం నేను ప్రార్థనలో ఏమీ అడగలేకపోయాను. లోపలికి రానిచ్చినందుకు స్తుతించడం తప్ప వేరే మాట రాలేదు. అత్తయ్య ఆడియో విని బయటికొచ్చి, "ఆ తెర సంగతి ఇప్పుడు తెలిసింది అమ్మాయ్, నాకు కూడా లోపల చోటుంది" అన్నారు. లేవీయకాండాన్ని దాటేసి హెబ్రీ పత్రికకు వెళ్ళమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి.

ఈ పట్టిక రాసిన మనిషి గురించి ఒక సంగతి తెలిస్తే దీన్ని చేతిలో పట్టుకునే తీరే మారుతుంది. 1843 జనవరి 1న తన సంఘంతో కలిసి చదవడం మొదలుపెట్టిన మెక్‌షేన్ ఆ మార్చి 25న టైఫస్ జ్వరంతో కన్నుమూశాడు. వయసు 29. ఊళ్ళో జ్వరం ప్రబలినప్పుడు రోగులను పరామర్శించడానికి వెళ్ళి తెచ్చుకున్న జబ్బది. అంటే తన పట్టికను తాను మూడు నెలలు కూడా వాడలేదు. ఇవాళ మనం వాడే పట్టికలో మార్చి 25న కుటుంబ భాగాలు చూడండి: నిర్గమకాండము 36, యోహాను 15. ప్రత్యక్షపు గుడారం కట్టడం ఒకవైపు, "నాయందు నిలిచియుండుడి, మీయందు నేనును నిలిచియుందును" అన్న ప్రభువు మాట ఇంకోవైపు. కాపరి పోయిన ఇంట్లో, సంఘంలో ఆ మాటలు ఎలా వినిపించి ఉంటాయో నేను ఊహించగలను. ఆ తేదీ వచ్చినప్పుడల్లా మేం కాస్త నెమ్మదిగా చదువుతాం.

ఇక దీని బరువు సంగతి. రోజుకు నాలుగు అధ్యాయాలంటే తక్కువ కాదు. డ్యూటీలు, పిల్లల చదువులు, జబ్బుపడ్డ పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఇది భారమే. ఇది మెక్‌షేన్‌కు బాగా తెలుసు. పట్టికతో పాటు సంఘానికి రాసిన ఉత్తరంలో దీనివల్ల వచ్చే అపాయాలను తనే ముందు రాశాడు, ఆ తర్వాతే లాభాలు రాశాడు. ఆచారంగా మారిపోవడం, చదివేశాం కదా అని స్వనీతి పుట్టడం, పరధ్యానంగా చదవడం, మోయలేని కాడిగా అనిపించడం. ఇవీ ఆయన చెప్పిన అపాయాలు. ఎవరికైనా ఇది సంకెలగా తోస్తే పక్కన పడేసి స్వేచ్ఛగా వాక్యాన్ని భుజించమన్నాడు, మీకు ఉరి ఒడ్డడం నా ఉద్దేశం కాదు, మీ ఆనందానికి సహాయకుడిగా ఉండాలన్నదే నా కోరిక అన్నాడు. తాను తయారుచేసినదాని గురించి ఇంత నిజాయితీగా రాసినవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆ ఉత్తరంలోనే వాడే పద్ధతి కూడా ఉంది, నేను చూసిన ప్రింట్లలో అది మాత్రం వదిలేస్తున్నారు. కుటుంబ భాగాలను ఇంటి పెద్ద ముందే ఒకసారి చదువుకుని, రెండు మూడు ముఖ్యమైన వచనాలు గుర్తుపెట్టుకుని, వాటి మీద ఇంట్లోవాళ్ళను తేలికైన ప్రశ్నలు అడగాలి. ఏకాంత భాగాల్లో కూడా రెండు మూడు వచనాలు గుర్తించి, వాటిలోని ప్రతి మాట మీదా ప్రార్థన చేయాలి. పొద్దున మనం వినే మొదటి స్వరం దేవునిదే కావాలన్నది ఆయన కోరిక. నా దృష్టిలో పట్టికకంటే ఈ సూచనే విలువైనది. నాలుగు అధ్యాయాలు చదివి లేచిపోతే మనసులో ఏమీ మిగలకపోవచ్చు. నాలుగు చదివి రెండు వచనాల దగ్గర ఆగి, వాటినే తిరిగి దేవునికి ప్రార్థనగా చెబితే ఆ రోజంతా అవి వెంట ఉంటాయి.

ఎలా చేస్తానో ఒక్క ఉదాహరణ. జనవరి 4న ఏకాంత భాగాలు ఎజ్రా 4, అపొస్తలుల కార్యములు 4. ఎజ్రాలో శత్రువులు మందిరం కట్టే పని ఆపించేస్తారు, అది ఆగిపోతుంది కూడా. అపొస్తలుల కార్యాల్లో పేతురు యోహానులను బెదిరించి పంపేస్తారు. వాళ్ళు తమవారి దగ్గరికి వచ్చి ఏకమనస్సుతో దేవునికి బిగ్గరగా మొరపెడతారు. ఆ ప్రార్థనలో శత్రువులను తీసేయమని లేదు, బెదిరింపులను చూడమని, తమకు ధైర్యంగా వాక్యం బోధించే శక్తి ఇమ్మని ఉంది. నేను ఆ వచనాన్ని పెన్సిల్‌తో గీసుకుని, డ్యూటీలో నన్ను కుంగదీస్తున్న ఒక సమస్యను పేరు పెట్టి దేవుని ముందు పెట్టాను. "ప్రభువా, దీన్ని చూడు. నాకు మాట్లాడే ధైర్యం ఇవ్వు" అని. అంతకుముందు రోజుల్లో ఆ సమస్యను తీసేయమనే ప్రార్థించేదాన్ని. వాక్యం నా ప్రార్థనను దిద్దింది. సమస్య చాలాకాలం అలాగే ఉంది, నేను మాత్రం దాని ముందు మునుపటిలా వణకలేదు.

లోపాలు లేవనను. యోబు గ్రంథం ఫిబ్రవరి అంతా ఏకాంత వరసలో నడిచి మార్చిలోకి వెళ్తుంది. ఆ స్నేహితుల వాదనలు రోజుకొక అధ్యాయంగా చదివితే ఎవరు ఏ మాటకు జవాబిస్తున్నారో తప్పిపోతుంది. పత్రికలకూ ఇదే ఇబ్బంది. ఎఫెసీ పత్రికను ఒక్క బైఠక్‌లో చదివితే పొందే బలం, ఆరు రోజులు ముక్కలుగా చదివితే కొంత తగ్గుతుంది. అందుకే చిన్న పత్రిక మొదలయ్యే రోజున, వీలుంటే, దాన్నంతా ఒకసారి చదివేసి, తర్వాత రోజుకో అధ్యాయం ధ్యానిస్తాను. సువార్తలు మాత్రం రోజుకొక అధ్యాయమే సరిపోతుంది, అంతకంటే వేగంగా చదవకూడదని కూడా అంటాను. సెప్టెంబరులో ఏకాంత వరసలో యెహెజ్కేలు గ్రంథం వచ్చినప్పుడు చాలామంది అలసిపోతారు. అప్పుడు పక్కన రెండోసారి కీర్తనలు నడుస్తుంటాయి, వాటిని పట్టుకుని వెళ్ళొచ్చు. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29కి భాగాలు లేవు, ఆ రోజు మేం ఇష్టమైన కీర్తన చదువుకుంటాం.

కాగితమా, ఫోనా అంటే నేను కాగితమే అంటాను. ఈ పట్టిక పాతది కాబట్టి ఉచితంగానే దొరుకుతుంది, ప్రింటు తీసి మడిచి బైబిలు అట్ట లోపల పెట్టుకోవచ్చు. ఒక షీట్ మీద ఏడాదంతా ఇరికిస్తే అక్షరాలు మరీ చిన్నవైపోతాయి, నెలకో పేజీ మంచిది. ఫోన్ యాప్‌లలో కూడా ఈ పట్టిక ఉంటుంది. నేను వాడిన ఒక యాప్‌లో చదవని రోజులన్నీ ఎర్రగా పేరుకుపోయేవి, ఇన్ని రోజులు వెనకబడ్డారని నోటిఫికేషన్ వచ్చేది. ఆసుపత్రిలో మా అమ్మ పక్కన కూర్చున్న రోజుల్లో కూడా అదే టెన్షన్. ఆ ఎరుపు చూస్తే బాకీ ఉన్నట్టు అనిపిస్తుంది గానీ తండ్రి పిలుస్తున్నట్టు అనిపించదు. ఆ యాప్‌లో నోటిఫికేషన్లు ఆపేశాను, చివరికి తీసేశాను. ఆడియో మాత్రం ఫోన్‌లో ఉంచుకోండి. చూపు తగ్గినవాళ్ళకు, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళకు అది చాలా పెద్ద సాయం.

రోజులు తప్పిపోతే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఆ రోజు తేదీ దగ్గర తెరవండి, అంతే. తప్పిపోయినవన్నీ పూర్తి చేద్దామని కూర్చుంటే పన్నెండు అధ్యాయాలు గబగబా తిప్పేసి, దేవునితో ఒక్క మాట మాట్లాడకుండా లేచిపోవాల్సి వస్తుంది. వదిలేసినవి వచ్చే ఏడాది అదే తేదీకి మళ్ళీ వస్తాయి. కొత్త నిబంధన, కీర్తనలు అయితే ఈ ఏడాదే ఇంకోసారి వస్తాయి కూడా.

నాలుగూ మోయలేమనుకునేవారికి ఇంకో దారి ఉంది. మొదటి ఏడాది కుటుంబ వరసలు రెండు, రెండో ఏడాది ఏకాంత వరసలు రెండు. చాలామంది ఇలాగే చేస్తారు, రోజుకు రెండే అధ్యాయాలు. కానీ నా అభిప్రాయంలో ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంట్లో ఇంకో పద్ధతి మేలు. కుటుంబంతో ఒక్క వరస, ఒంటరిగా ఒక్క వరస. అప్పుడు ఆ రెండు వేళలూ ఏడాది పొడవునా నిలబడతాయి. ఒంటరిగా ఉండేవాళ్ళు ఇంకొక విశ్వాసితో కలిసి కుటుంబ భాగాలు చదువుకోవచ్చు, ఫోన్‌లోనైనా సరే. సంఘమంతా ఒకే పట్టిక పట్టుకుంటే ఆదివారం మందిరంలో కలిసినప్పుడు మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు. మెక్‌షేన్ చెప్పిన లాభాల్లో ఇదొకటి. మంద ఏ మేతలో ఉందో కాపరికి తెలుస్తుందని, విశ్వాసుల మధ్య ప్రేమ బలపడుతుందని ఆయన ఆశ.

ఏడాది చివర వచ్చే భాగాలు చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. డిసెంబరు 31న రెండవ దినవృత్తాంతములు 36, ప్రకటన 22, మలాకీ 4, యోహాను 21. దినవృత్తాంతాలు, యూదులు తిరిగి వెళ్ళి యెరూషలేములో మందిరం కట్టుకోవచ్చన్న కోరెషు రాజు ఆజ్ఞతో ముగుస్తాయి, జనవరి 1న ఎజ్రా మొదలయ్యేది సరిగ్గా అదే ఆజ్ఞతో. కాబట్టి ఆ రాత్రి చదివినవాళ్ళకు తెల్లారి ఏకాంత పఠనం అదే చోట అందుకుంటుంది. యోహాను 21లో ఒడ్డున పేతురుతో యేసు "నన్ను వెంబడించుము" అంటాడు. ఒక ఏడాదిపాటు వాక్యంలో ఆయనతో నడిచినవారికి ఆ మాట చివరి రోజున వినిపించడం చాలా మంచి అమరిక.

జనవరి కోసం ఆగక్కర్లేదు, ఏ తేదీన మొదలుపెట్టినా ఫర్వాలేదు. అయితే ఇది అందరికీ మొదటి పట్టికగా ఇవ్వను. విశ్వాసంలోకి కొత్తగా వచ్చినవారికి, బైబిలు ఇప్పుడే తెరుస్తున్నవారికి నాలుగు పుస్తకాలు ఒకేసారి నడపడం గందరగోళంగా ఉంటుంది. వాళ్ళకు ముందు మార్కు సువార్త, తర్వాత యోహాను, ఆ తర్వాత ఆదికాండము. ఎవరైనా తోడు కూర్చుని చదివితే ఇంకా మంచిది. తీవ్రమైన దుఃఖంలో ఉన్నవారికి కూడా ఇది ఇవ్వను, రోజుకొక కీర్తన చాలు. బైబిలు కొంత తెలిసి, ఏళ్ళుగా కొన్ని ఇష్టమైన భాగాల మధ్యే తిరుగుతూ, దేవుడు ఇంకా ఏం మాట్లాడతాడో వినాలని ఉన్నవారికైతే ఇదే ఇస్తాను. పెన్సిల్ ఒకటి, ఎవరూ లేపని అరగంట ఒకటి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.